బాటసింగారం కంటైనరు, బోర్లించిన గంజు

రంగారెడ్డి జిల్లా మన్సూరాబాద్ వాస్తవ్యురాలిని, టెంట్ హౌస్ జానయ్య భార్యను, అండాలమ్మ అనే నేను, నా తెలివి నా దగ్గరే ఉండగా, ఎవరి బెదిరింపుకూ ఎవరి బుజ్జగింపుకూ లొంగకుండా, నా ఇష్టపూర్తిగా వ్రాయించిన వీలునామా ఇది. నాకు షుగరు ఉంది. మోకాళ్ళు పట్టేశాయి. బుద్ధి మాత్రం పట్టు తప్పలేదని డాక్టరు చేత కాగితం రాయించి దీనికి జతపరిచాను. ఎవరికి ఏమివ్వాలో నాకు తెలుసు. ఎవరికి ఏమివ్వకూడదో ఇంకా బాగా తెలుసు. ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు. రాశానని రేపు ఎవరైనా కాగితం తెస్తే దాన్ని చెల్లనిదిగా చూడవలెను.

నేను చెబుతుంటే రాస్తున్నవారు ఎల్‌బీ నగర్‌లో దస్తావేజులు రాసే రాఘవేంద్ర గారు. నా మాటను ఆయన కాగితపు తెలుగులోకి మార్చుకుంటున్నారు, అందుకు నాకు అభ్యంతరం లేదు. వీలునామాలో తిట్లు ఉండరాదని మొదట్లోనే చెప్పారు. తిట్టను, జరిగింది చెబుతాను, అది తిట్టులా వినిపిస్తే నేనేం చేసేది అన్నాను. రాస్తున్నారు.

1. మన్సూరాబాద్‌లో నేను ఉంటున్న ఇల్లు, ఎల్‌బీ నగర్‌లోని జానయ్య టెంట్ హౌస్ దుకాణం, అందులోని షామియానాలు, జంపఖానాలు, కుర్చీలు, పందిరి గుంజలు, నా తదనంతరం నా ఏకైక కూతురు భానుప్రియకు దానవిక్రయాది సర్వహక్కులతో చెందవలెను. ఈ వీలునామాను అమలు జరిపించే బాధ్యత కూడా ఆమెదే. అల్మాస్‌గూడలో ఉన్న మా అల్లుడికి టెంట్ హౌస్ తీసేసి సెల్‌ఫోన్ల దుకాణం పెట్టాలని ఉంది. పెట్టుకోవచ్చు. జానయ్య పేరున్న బోర్డు మాత్రం దించరాదు. ఆ బోర్డు కిందే సెల్‌ఫోన్లు అమ్ముకోమనండి, ఎవరూ కాదనరు.

2. హయత్‌నగర్ మండలం బాటసింగారంలో, విజయవాడ రోడ్డుకు లోపలగా, పది గుంటల భూమి ఉంది. అది నా పేరనే రిజిస్టరు అయింది, నా స్వార్జితం. అందులో ఒక ఇనుప కంటైనరు ఉంది. ఈ రెండింటి చరిత్ర తెలియకపోతే కింది అంశాలు ఎవరికీ అర్థం కావు కాబట్టి చెబుతున్నాను.

మన్సూరాబాద్‌లో కాలనీలు లేచిన కొద్దీ మాకు సామాను పెట్టుకునే జాగా కరువైంది. కిరాయి గోదాములో ఎలుకలు జంపఖానాలు కొరికేవి, షామియానాల్లో పిల్లలు పెట్టేవి. ఒక పెళ్ళిలో ముహూర్తం వేళకు పందిరిలోంచి ఎలుక పురోహితుడి ఒళ్ళో పడింది. ఆ పరువు తక్కువ భరించలేక జానయ్య ఓడల మీద తిరిగి తిరిగి పాతబడ్డ కంటైనరు ఒకటి కొన్నాడు. పెద్ద ట్రైలరు మీద తెచ్చి, క్రేన్‌తో లేపి, రాతి కడీలు పరిచి దాని మీద దింపారు. ఊరంతా చూడ్డానికి వచ్చింది. నా మరిది బాలమల్లు కూడా వచ్చాడు. "డబ్బా ఒచ్చింది సరే అన్న, ఓడ ఎప్పుడొస్తది?" అని అందరినీ నవ్వించాడు. ఆ రోజు నేను కూడా నవ్వాను.

మొదటి వానాకాలం కంటైనరు మమ్మల్ని ఏడిపించింది. చుక్క వాన లోపలికి రాలేదు, అయినా తెల్లారేసరికి పైకప్పుకు చెమట పట్టి కింది జంపఖానాల మీద కారేది. బూజు పట్టి బట్టంతా కంపు కొట్టింది. గాలి ఆడక అట్లా అవుతుందని ఊళ్ళో వెల్డింగ్ చేసే బక్కయ్య చెప్పి, రెండు వైపులా కోసి జాలీలు బిగించాడు. తర్వాత ఒక మూల కడీ కుంగింది. తలుపు పట్టేసి ఎంత గుంజినా రాలేదు. మళ్ళీ లేపి సమానంగా పెట్టించాం. అప్పట్నుంచి అది మా చంటిబిడ్డ అయింది. ఎలుక రాలేదు, చెద రాలేదు, వాన రాలేదు. తాళంచెవి ఉన్నవాడు వచ్చాడు. ఒక తాళంచెవి జానయ్య మొలతాడుకు ఉండేది, రెండోది తమ్ముడనే నమ్మకంతో బాలమల్లుకు ఇచ్చాడు.

3. పై భూమిని, పది గుంటలూ, దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటున్న పట్టాభి గారి భార్య సూర్యప్రభకు రాస్తున్నాను. నా తదనంతరం ఆమె పిల్లాపాపలతో అనుభవించుకోవలెను. ఇందుకు నా కూతురు భానుప్రియ ఒప్పుకుంది. ఒప్పుకోకపోయినా రాసేదాన్నే.

పట్టాభి గారిది గోదావరి వైపు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగుకు వచ్చే పిల్లల కోసం హాస్టల్ నడిపేవారు. హాస్టల్లో ఏ పండగ చేసినా కుర్చీలూ పందిరీ మావే. అట్లా మొదలై రెండు ఇళ్ళూ కలిసిపోయాయి. సూర్యప్రభ నన్ను ఒదినగారూ అనేది. మేము గంజు అంటే ఆమె గుండిగ అనేది, అది విని నేను ఎగతాళి చేసేదాన్ని. తెలంగాణ ఉద్యమంలో బందుల మీద బందులు వచ్చి కోచింగులు మూతపడ్డాయి, పిల్లలు ఊళ్ళకు పోయారు. ఖాళీ హాస్టల్‌కు కిరాయి కట్టలేక పట్టాభి గారు పై అంతస్తు వదిలేసి, మంచాలు కొన్నాళ్ళు మా కంటైనరులో పెట్టుకుంటానని అడిగారు. జానయ్య తన మొలతాడు నుంచి తాళంచెవి విప్పి ఇచ్చాడు.

రెండు వేల పదకొండు జూన్‌లో వంటావార్పు ఆదివారం వచ్చింది. ఊరూరా రోడ్ల మీదే పొయ్యి పెట్టి వండుకుని తిని నిరసన చెప్పిన రోజు. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో వంటకు మా పెద్ద ఇత్తడి గంజులన్నీ ఇచ్చాం. ఉద్యమానికి కిరాయి తీసుకుంటే చేతులు పడిపోతాయి అన్నాడు జానయ్య. నేను కూడా రోడ్డు మీద కూర్చుని కట్టెలు ఎగదోశాను. పొగకు కళ్ళు మండినా సంతోషంగా ఉండింది. సాయంత్రం గంజులను డీసీఎం వ్యానులో ఎక్కించుకుని పోయింది బాలమల్లు. అన్నీ కంటైనరులో పెట్టి తాళం వేసిన అన్నాడు.

బోనాల ఆర్డరుకు కంటైనరు తీస్తే గంజులు లేవు. ఒక్కటి లేదు. తాళం మాత్రం చెక్కుచెదరలేదు. ఆ నడుమ పట్టాభి గారు ఒకసారి వచ్చి రెండు మంచాలు తీసుకుపోయిన మాట నిజం. బాలమల్లుకు అదే చాలింది. మా ఇద్దరినీ, మరో నలుగురినీ వెంటేసుకుని దిల్‌సుఖ్‌నగర్ పోయి, హాస్టల్ ముందు గల్లీలో నిలబడి, పిల్లల్ని చేర్చడానికి వచ్చిన తల్లిదండ్రులు వింటుండగా అరిచాడు.

"మా నీళ్ళు తిన్నరు, మా నౌకరీలు తిన్నరు, ఇప్పుడు మా గంజులు గూడ తింటున్నరు."

ఆ రోజుల్లో ఆ మాటకు రుజువు ఎవరూ అడగలేదు. పట్టాభి గారు గల్లీలో ఎవరి మొహమూ చూడలేదు, జానయ్య మొహమే చూశారు. "జానయ్య గారూ, మీరు కూడా నమ్ముతున్నారా?" అని అడిగారు. జానయ్య తల దించుకున్నాడు. నేను ఇంటికి వచ్చి జానయ్యతో గొడవ పెట్టుకున్నాను. బోనాల ఆర్డరు పోకుండా, గంజులు లేవని తెలిసిన మర్నాడే సూర్యప్రభ తన హాస్టల్ గుండిగలు ఆటోలో వేసుకొచ్చి ఇచ్చింది, దొంగ అయితే తన సామాను తెచ్చి నీకిస్తాడా అని అడిగాను. నీకు తెల్వదు, తమ్ముడు అబద్ధం చెప్పడు అన్నాడు.

నెల తిరక్కుండా హాస్టల్ మూతపడింది. ఇప్పుడు అదే గల్లీలో పట్టాభి గారు చిన్న కర్రీ పాయింట్ పెట్టుకుని కూరలు కవర్లలో కట్టి అమ్ముతున్నారు. మరుసటేడు జానయ్యకు గుండె జబ్బు ముదిరి దవాఖానలో పడ్డాడు. పట్టాభి గారూ సూర్యప్రభా చూడ్డానికి వచ్చారు, కొబ్బరినీళ్ళు తెచ్చారు. జానయ్య మొహం గోడకు తిప్పుకున్నాడు. వాళ్ళు కాసేపు నిలబడి, కొబ్బరినీళ్ళు నా చేతికిచ్చి వెళ్ళిపోయారు. తెల్లారి జానయ్య పోయాడు.

గోడకు తిప్పుకున్న ఆ మొహాన్ని మళ్ళీ ఇటు తిప్పడం నా చేత కాదు. నాకు కడుపు మండేది అందుకే. గంజులు పోయినందుకు కాదు. ఒక మంచివాడు మరో మంచివాడిని దొంగ అనుకుంటూ చచ్చిపోయాడు. దానికి కారణమైనవాడు అతని పాడె ముందు నడిచి, అందరికంటే ఎక్కువ ఏడ్చాడు. ఈ పది గుంటలూ సూర్యప్రభకు నేను దయతో ఇస్తున్నవి కావు, నష్టపరిహారంగా ఇస్తున్నవి.

4. పై భూమి మీద ఉన్న కంటైనరును, భూమి కాకుండా కంటైనరును మాత్రమే, నా మరిది బాలమల్లుకు ఇస్తున్నాను.

ఇక్కడ రాఘవేంద్ర గారు కలం ఆపి నా వైపు చూశారు. రాయమన్నాను. అన్న పోయిన నాటి నుంచీ ఆ డబ్బా తనదేనని బాలమల్లు అందరికీ చెప్పుకుంటున్నాడు. మెడలో పార్టీ కండువా వచ్చింది కదా, దానికి కిటికీలు కోయించి, ఏసీ పెట్టించి, హైవే పక్కన కూర్చుని పంచాయితీలు చేస్తాడట. మరిది కోరిక తీర్చడం ఒదిన ధర్మం.

ఎందుకు ఇస్తున్నానో కూడా వినాలి. మా ఇళ్ళల్లో గిన్నె కొంటే ముందు దాని మీద పేరు కొట్టిస్తాం, ఇరుగుపొరుగుకు పోయిన గిన్నె మళ్ళీ ఇల్లు చేరడానికి. టెంట్ హౌసు వాళ్ళకు అది మరీ ముఖ్యం. జానయ్య మా పెద్ద గంజులన్నిటికీ అంచు మీద తన పేరు కొట్టించాడు. పెళ్ళయిన కొత్తలో కొన్నవాటికి మాత్రం అడుగున, నిప్పు తగిలే చోట, అండాలు అని నా పేరు కూడా కొట్టించాడు. నా పేరు తీసుకుపోయి మంట మీద పెట్టినవేందని కొట్లాడాను. "నీ పేరు కింద ఉంటెనే అన్నం మాడది" అన్నాడు.

పోయిన ఏడాది బాలమల్లు కొడుకు వీరేందర్ పెళ్ళి ఎల్‌బీ నగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. భోజనాలయ్యాక నా అలవాటు కొద్దీ వెనక్కి పోయాను. ఏ పెళ్ళికి పోయినా కడిగిన సామాను ఒకసారి చూడందే నాకు తిన్నది అరగదు. టెంట్ హౌసు వాళ్ళం గంజులు తోమి, నీళ్ళు కారిపోవడానికి బోర్లిస్తాం. అక్కడ గంజులు వరసగా బోర్లించి ఉన్నాయి. కొత్తగా తోమిన అడుగుల మీద ఎండ పడుతోంది. ఒక దాని మీద అండాలు అని ఉంది. పక్కదాని మీద కూడా ఉంది. అంచుల మీద జానయ్య పేరున్న చోట మిషన్ పెట్టి అరగదీసిన గీతలు ఉన్నాయి. అడుగు సంగతి వాడికి తెలియదు. గంజును ఎన్నడూ తోమినవాడు కాదు కదా, ఎత్తుకుపోయినవాడే.

బాలమల్లును అక్కడికే పిలిచాను. గంజులు చూశాడు, నన్ను చూశాడు. "ఒదినె, పెండ్లి కానియ్యి, ఇంటికాడ మాట్లాడుకుందం" అన్నాడు. ఆడపిల్ల వాళ్ళ ముందు పందిరి పాడు చేయడం ఇష్టం లేక ఊరుకున్నాను. ఒక గంజును మాత్రం ఆటోలో వేసుకుని తెచ్చుకున్నాను. ఎవరూ ఆపలేదు. మర్నాడు ఇంటికి పోతే మాట మారిపోయింది. "అన్ననే ఇచ్చిండు. నువ్వు పోయి అన్ననడుగు" అన్నాడు.

కులపెద్దల దగ్గరికి పోయాను. ఒక్కదాని మాట ఎట్ల నమ్మాలె అన్నారు, టీ తాగించి పంపారు. అందుకని కంటైనరును ఈ కింది షరతులతో ఇస్తున్నాను:

అది సూర్యప్రభ భూమి మీద ఉంటుంది. దాన్ని అక్కడి నుంచి కదిలించాలన్నా, గేటు లోపల కాలు పెట్టాలన్నా, పట్టాభి గారి అనుమతి కావాలి. ఆ అనుమతి బాలమల్లు స్వయంగా అడగాలి. ఫోను చేయరాదు, కొడుకును పంపరాదు, లీడర్లతో చెప్పించరాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో తాను ఆనాడు అరిచిన అదే గల్లీకి, సాయంత్రం కర్రీ పాయింట్ దగ్గర జనం నిలబడే వేళకు పోయి, వాళ్ళు వింటుండగా, గంజులు ఎత్తుకపోయింది నేనే అని చెప్పి, ఆ తర్వాత డబ్బా అడగాలి. ఇవ్వడం ఇవ్వకపోవడం పట్టాభి గారి ఇష్టం. కూర కట్టే పని అయ్యేదాకా నిలబెట్టడం కూడా ఆయన ఇష్టం. నా దినాలు వెళ్ళిన నెల లోపల ఇట్లా అడగకపోతే కంటైనరు కూడా సూర్యప్రభకే చెందవలెను. క్రేన్ ఖర్చు బాలమల్లుదే.

ఇంకొక్క మాట. అడిగి తెచ్చుకున్నట్లయితే బక్కయ్య పెట్టిన జాలీలు మూయించవద్దు. లోపల చెమట పడుతుంది. ఈ సంగతి శత్రువుకైనా చెప్పాలి.

5. నేను తెచ్చుకున్న గంజు ప్రస్తుతం కంటైనరులో ఒంటరిగా ఉంది. పాత తాళం తీసేసి కొత్తది వేయించాను, దాని తాళంచెవి నా కొంగుకు ఉంది. నా పదకొండో దినం భోజనాలకు అన్నం ఆ గంజులోనే వండించవలెను. బాలమల్లును మొదటి బంతిలోనే కూర్చోబెట్టి కడుపు నిండా పెట్టవలెను. తర్వాత గంజును నున్నగా తోమించి, పందిరి నడుమ అందరికీ కనపడేటట్టు బోర్లించవలెను. ఎవరూ ఏమీ మాట్లాడనక్కర లేదు. పెద్దలంతా లేచి పోయేదాకా అది అట్లాగే ఉండాలి. ఆ తర్వాత భానుప్రియ దాన్ని తీసుకుపోవచ్చు. బిడ్డా, అందులో వండేటప్పుడు మంట సన్నగా పెట్టు.

6. దుకాణంలోని మైకు సెట్టు, రెండు పెద్ద స్పీకరు డబ్బాలతో సహా, బాలమల్లు కొడుకు వీరేందర్‌కు ఇస్తున్నాను. ఈ పిల్లవాడి మీద నాకు కోపం లేదు. వీడు నిజంగా ఉద్యమంలో తిరిగాడు, గొంతు పోయేదాకా అరిచాడు, లాఠీ దెబ్బలు తిన్నాడు. తండ్రి మెడలో పడ్డ దండలు కొడుకు వీపు మీది వాతల వల్ల వచ్చినవి. బిల్లు పాసైన రోజు వీరేందర్ నా కాళ్ళు మొక్కి మిఠాయి నోట్లో పెట్టాడు. తెలంగాణ వచ్చిందని నేనూ ఏడ్చాను. దాని పేరు చెప్పి ఎవడో గంజులు దోచుకున్నాడని తెలంగాణ మీద నాకు కోపం రాదు.

7. నా కట్టెకు నిప్పు భానుప్రియ పెట్టవలెను. కొడుకు లేడు కాబట్టి మరిది చేతుల మీదుగా జరగాలని కులంలో అంటారు. జరగరాదు. బాలమల్లు రావచ్చు, నిలబడవచ్చు, ఏడవాలనిపిస్తే ఏడవవచ్చు, పోయినసారి బాగా ఏడ్చాడు. నా పాడె మాత్రం ముట్టరాదు.

8. నా మెడలోని బంగారు గుండ్ల పేరును నా తోటికోడలు, బాలమల్లు భార్య పూలమ్మకు ఇస్తున్నాను. నా కాన్పుకు ఆమె చేసిన చాకిరీ మా అమ్మ కూడా చేయలేదు. నా గుండ్లను ఎప్పుడూ వేలితో తాకి చూసేది, అడిగేది కాదు. మొగుడు చేసిన పనికి పెళ్ళాన్ని శిక్షించే రకం కాదు నేను. వీరేందర్ పెళ్ళి నాటి నుంచీ ఆమె నా కళ్ళల్లోకి చూడడం లేదు. ఎందుకో నేను అడగలేదు.

సాక్షుల విషయం. మొదటి సాక్షిగా బక్కయ్య అడగ్గానే ఒప్పుకున్నాడు. రెండో సాక్షి కోసం తిరగని గడప లేదు. కులపెద్ద నడుము నొప్పి అన్నాడు. మా దగ్గర ఏళ్ళ తరబడి పందిళ్ళు వేసినవాళ్ళు బాలమల్లు పేరు వినగానే పని ఉందన్నారు. రాఘవేంద్ర గారు తన గుమాస్తా చేత పెట్టిస్తానన్నారు. సంతకానికి ఎవరైనా దొరుకుతారు, నాకు సంగతి తెలిసినవాళ్ళు కావాలి అని ఆ జాగా ఖాళీగా ఉంచమన్నాను. బాలమల్లుకు ఎదురుగా నా పక్కన ఒక్కరు నిలబడకపోతే ఈ కాగితం కూడా ముసలిదాని పిచ్చి కిందే పోతుంది.

చేర్పు. ఈ రోజు పొద్దున రాఘవేంద్ర గారు పైదంతా గట్టిగా చదివి వినిపిస్తుండగా పూలమ్మ వచ్చింది. నేను పిలవలేదు. గడప మీదే నిలబడి చివరిదాకా విన్నది. ఎనిమిదో అంశం దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చదవడం అయ్యాక సంతకం నేను పెడతానన్నది. రాఘవేంద్ర గారు ఆమెను ఆపారు. ఆస్తి పొందేవారే సాక్షి అయితే రేపు కోర్టులో ఆ సాక్ష్యానికి బలం ఉండదు, గుండ్లో సంతకమో ఏదో ఒకటే అని చెప్పారు. ఇంటికి పోయి ఆలోచించుకో చెల్లె అన్నాను.

"గుండ్లు వద్దక్కా" అన్నది. "రెండేండ్లు ఆ గంజులు మా ఇంట్ల అటక మీదనే ఉండె. తోమింది నేనే. నీ పేరు మీద చెయ్యి పెట్టి తోమిన."

అదే మాట తన సంతకం పక్కన రాయమని అడిగింది. రాయమన్నాను. ఎనిమిదో అంశం సాక్షి కోరిక మీద, నా సమ్మతితో కొట్టివేయడమైనది.

ఇది నేను విని, ఒప్పుకుని, నా చేత్తో పెట్టిన చేవ్రాలు.

మన్సూరాబాద్, 2014 మార్చి 27.

(సం.) అండాలమ్మ, భర్త కీ.శే. జానయ్య

సాక్షులు:

1. (సం.) బక్కయ్య, వెల్డింగ్ పని, బాటసింగారం.

2. (సం.) పూలమ్మ, భర్త బాలమల్లు, మన్సూరాబాద్. గంజులు తోమింది నేనే.